నేపాల మాంత్రికుడిది ఏ ఊరు? మన సూపర్ విలన్ కథ

విశాఖపట్నం నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చాను.

మీలో చాలామంది ఎప్పట్నుంచో అడుగుతున్నారు. జోకర్ మీద చెప్పు, థానోస్ మీద చెప్పు, మాగ్నెటో మీద చెప్పు అని. చెప్తాను. కానీ దానికి ముందు నేనొక ప్రశ్న అడుగుతాను. మన తెలుగులో సూపర్ విలన్ ఎవరు? ఫ్యాక్షన్ లీడర్లు కాదు, కార్పొరేట్ విలన్లు కాదు. అతీత శక్తులుండాలి, పెద్ద ప్లాన్ ఉండాలి, పక్కన ఒక అసిస్టెంట్ ఉండాలి, చంపినా మళ్ళీ లేచి రావాలి. కామిక్ పుస్తకంలో ఉండే విలన్‌లాగా అన్నమాట.

మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. ఒకటే పేరు వస్తుంది. నేపాల మాంత్రికుడు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమా, ఎస్వీ రంగారావు వేషం.

ఈ రోజు అతని బయోడేటా తీద్దాం. లక్షణాలేంటి, ఎక్కడ పుట్టాడు, ఎవరు తయారుచేశారు, ఇవన్నీ చూద్దాం. ఆ బయోడేటాలో సొంత ఊరు అనే గడి ఒకటుంటుంది కదా, అక్కడ మాత్రం కాసేపు ఆగుదాం. అసలు కథ అక్కడే ఉంది.

ముందు లక్షణాలు.

మొదటిది, గోల్. మాంత్రికుడికి పాతాళభైరవి విగ్రహం కావాలి. కోరింది ఇచ్చే విగ్రహం అది. దానికోసం ఒక సాహసవంతుడైన కుర్రాణ్ణి దేవికి బలి ఇవ్వాలి. ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ ఉజ్జయినికి వస్తాడు. అక్కడ తోటమాలి కొడుకు తోటరాముడు దొరుకుతాడు. అదే ఎన్టీఆర్.

రెండోది, అసిస్టెంట్. పేరు సదాజపుడు. గురువుగారు ఏం చెప్తే అది చేస్తాడు. రాముడు ప్లాన్ తెలుసుకుని, మాంత్రికుడినే బలి ఇచ్చేస్తాడు. సినిమా అక్కడితో అయిపోవాలి. కానీ శిష్యుడు సంజీవని మూలికతో గురువుని బతికిస్తాడు. ఇప్పుడు హాలీవుడ్ సినిమాల్లో చచ్చిన విలన్ మళ్ళీ లేస్తే థియేటర్‌లో ఈలలు వేస్తాం కదా, మన దగ్గర అది 1951లోనే అయిపోయింది.

మూడోది, బలహీనత. సూపర్ హీరోకి గానీ విలన్‌కి గానీ ఒక బలహీనత ఉండాలి. సూపర్‌మ్యాన్‌కి క్రిప్టోనైట్ ఎలాగో, మన మాంత్రికుడికి గడ్డం అలాగ. శక్తంతా అందులోనే ఉంటుంది. చివర్లో రాముడు సదాజపుడి రూపంలో వచ్చి, గడ్డం తీసేస్తేనే రాజకుమారి ఇష్టపడుతుందని నమ్మించి గీయించేస్తాడు. ప్రపంచాన్ని గడగడలాడించిన మనిషి క్షవరం దగ్గర దొరికిపోతాడు. ఈ ఐడియా రాసిన మనిషి పింగళి నాగేంద్రరావు. డైరెక్టర్ కె.వి. రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లీ, సంగీతం ఘంటసాల.

నాలుగోది, గొంతు. శిష్యుణ్ణి "డింభకా" అని పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపు డెబ్బై ఏళ్ళు దాటినా మన మీమ్స్‌లో బతికే ఉంది.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు ఆ గడి. సొంత ఊరు: నేపాల్.

అంతే. సినిమా అంతటా అతని గురించి మనకిచ్చే నేపథ్యం దాదాపు ఆ ఒక్క మాటే. అమ్మానాన్నలెవరో తెలీదు. చిన్నప్పుడు ఏం జరిగిందో తెలీదు. శక్తి మీద అంత ఆశ ఎందుకు పుట్టిందో తెలీదు. ఆఖరికి పేరు కూడా లేదు చూడండి. ఊరి పేరే అతని పేరు. "నేపాల మాంత్రికుడు" అనగానే ఇంకేమీ చెప్పక్కర్లేదు, చెడ్డవాడని మనకి అర్థమైపోతుంది. ఎందుకు అర్థమైపోతుంది? ఇదే ఈ ఎపిసోడ్.

కథ మూలం చూద్దాం. మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాసిన కాశీమజిలీ కథలు మీరు వినే ఉంటారు. మణిసిద్ధుడనే యతి, గోపుడనే కుర్రాడు కాశీకి నడిచి వెళ్తూ ఒక్కో మజిలీలో ఒక్కో కథ చెప్పుకుంటారు. పాతాళభైరవి కథకి ఒక తీగ అక్కడిది. ఇంకో తీగ అల్లావుద్దీన్ అద్భుతదీపం. పేదింటి కుర్రాడు, భూమి లోపల దాచిన ఒక వస్తువు, దాన్ని సంపాదించడానికి కుర్రాణ్ణి వాడుకునే మాంత్రికుడు, చివర్లో రాజకుమారిని మేడతో సహా ఎత్తుకుపోవడం. పోలికలు దాచినా దాగవు.

అల్లావుద్దీన్ కథలో విలన్‌ది ఏ ఊరు? మఘ్రిబ్. అంటే ఉత్తర ఆఫ్రికా పడమటి కొస, ఇప్పటి మొరాకో వైపు. కథ జరిగేదేమో చైనాలో! ఈ కథని 1709లో హన్నా దియాబ్ అనే సిరియా దేశస్థుడు పారిస్‌లో ఆంత్వాన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడికి చెప్పాడు. గాలాన్ తన వెయ్యిన్నొక్క రాత్రుల అనువాదంలో దాన్ని చేర్చాడు. చెప్పేవాడిది సిరియా, రాసేవాడిది ఫ్రాన్సు, హీరోది చైనా, విలన్‌ది మొరాకో. విలన్‌ని మాత్రం ఎప్పుడూ కథ జరిగే చోటికి వీలైనంత దూరం నుంచి తెస్తారు.

మన దగ్గర కూడా అంతే. బాలనాగమ్మ కథ తీసుకోండి. బుర్రకథల్లో, తోలుబొమ్మలాటల్లో ఆడిన కథ. ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్న మాంత్రికుడి పేరేంటి? మాయల మరాఠీ. 1942లో జెమినీ వాళ్ళు సినిమా తీస్తే గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ వేషం వేశారు. 1959లో మళ్ళీ తీస్తే మాంత్రికుడు మన రంగారావుగారే. జనం నోట్లో అదే పాత్ర "మాయల ఫకీరు" కూడా అయింది. మరాఠీ, ఫకీరు, నేపాల. పాత కథల్లో మలయాళ మాంత్రికులు, కామరూప మాంత్రికులు కూడా తగులుతారు. మన అమలాపురం మాంత్రికుడు, మన అనకాపల్లి మాంత్రికుడు అని ఎవడైనా తగిలాడా? నాకైతే తగల్లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బయటివాడంటే భయం ఊరికే పుట్టలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా దండ్లు తెలుగు నేల మీదికి వచ్చాయి. పల్లెల్లో ఆ జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన విశాఖనే చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. కాబట్టి భయం నిజమే. కానీ ఒకసారి వచ్చిన దండు భయం, ఆ ప్రాంతంలో పుట్టిన ప్రతి మనిషి ముఖం మీదా అంటుకుపోతే? కథ చేసే పని అదే.

ఇప్పుడు ఆ పాత్రని వేసిన మనిషి దగ్గరికి వద్దాం. ఇక్కడ మన విశాఖ కనెక్షన్ ఉంది.

ఎస్వీ రంగారావుగారు 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. చదువు మద్రాసులో మొదలై, ఇంటర్మీడియట్ మన విశాఖ ఏవీఎన్ కాలేజీలో, తర్వాత బీఎస్సీ కాకినాడ పీఆర్ కాలేజీలో. ఫైర్ ఆఫీసర్‌గా ఉద్యోగం చేశారు. 1946లో వరూధిని సినిమాలో వేషం వేస్తే అది ఆడలేదు. దాంతో సినిమాలు వదిలేసి ఎక్కడికెళ్ళారో తెలుసా? జంషెడ్‌పూర్. టాటా కంపెనీలో ఉద్యోగానికి. మన ఉక్కునగరంలో ఉన్నవాళ్ళకి ఈ ముక్క బాగా నచ్చుతుంది. తెలుగువాళ్ళ గొప్ప విలన్ కొన్నాళ్ళు ఉక్కు ఊళ్ళో, భాష రాని చోట, పరాయివాడిగా బతికాడు. తర్వాత మళ్ళీ పిలుపొచ్చింది. 1950లో షావుకారులో సున్నం రంగడు అనే రౌడీ వేషం. మరుసటి ఏడాది నేపాల మాంత్రికుడు. అప్పటికి ఆయన వయసు 32. ఆ మీసం, ఆ గడ్డం, ఆ నడక చూస్తే ముప్పై రెండంటే నమ్మరు ఎవరూ.

రంగారావుగారు సినిమాలకి ముందు స్టేజీ మీద షేక్స్‌పియర్ నాటకాలు వేశారు. షైలాక్ వేషం వేశారు. షైలాక్ ఎవరు? "మర్చంట్ ఆఫ్ వెనిస్" నాటకంలో వడ్డీ వ్యాపారి, యూదుడు. వెనిస్ అంటే విశాఖలాగే ఓడరేవు ఊరు. ప్రపంచంలో ఉన్న సరుకంతా దిగాలి, లాభం రావాలి, కానీ సరుకుతోపాటు వచ్చిన మనిషి మాత్రం పరాయివాడే. నాలుగు వందల ఏళ్ళ కిందట షేక్స్‌పియర్ ఆ విలన్‌కి ఒక అవకాశం ఇచ్చాడు. నాకూ నొప్పి ఉంటుంది, నన్ను మీరు ఏం చేశారో అదే నేను నేర్చుకున్నాను అని షైలాక్ స్టేజీ మధ్యలో నిలబడి చెప్తాడు. చెడ్డపని చెడ్డపనే. కానీ ఆ తర్వాత ప్రేక్షకుడు అతన్ని బొమ్మలా చూడలేడు.

నేపాల మాంత్రికుడికి పింగళిగారు ఆ అవకాశం ఇవ్వలేదు. అది జానపద కథ, దాని పద్ధతి వేరు. రంగారావుగారు మాత్రం తన ఒంటితో కొంత ఇచ్చారు. ఆ కళ్ళలో ఆకలి, గొంతులో ఆ వెటకారం, దెబ్బ తిన్నప్పుడు ఆ అవమానం చూడండి. డైలాగులో లేని గతం ఏదో ఉందనిపిస్తుంది. మంచి నటుడు విలన్‌కి చేసే న్యాయం అదే.

మరి మనకి కామిక్స్ లేవా అంటారా? ఉండేవి, చందమామ ఉండేది. 1947 జూలైలో చందమామ మొదలుపెట్టింది నాగిరెడ్డి, చక్రపాణి. పాతాళభైరవి తీసిన విజయా సంస్థ కూడా వాళ్ళదే. అంటే మార్వెల్ వాళ్ళకి పుస్తకాలూ సినిమాలూ రెండూ ఉన్నట్టు, మనవాళ్ళకి అప్పుడే ఉన్నాయి. 1954లో చందమామలో తోకచుక్క అనే సీరియల్ వచ్చింది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన పేరు పత్రికలో వేసేవాళ్ళు కాదు. బొమ్మలు వేసింది చిత్రా. అందులో ఇద్దరు మాంత్రికులు, ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఒకడికి ఒకే కన్ను, ఇంకొకడికి నాలుగు. ఇక్కడ ఇంకో లక్షణం కనిపిస్తుంది చూడండి. ఊరు తేడా లేకపోతే ఒళ్ళు తేడా. ఏదో ఒక రకంగా అతను మనలాంటివాడు కాదని మొదటి బొమ్మలోనే తెలియాలి.

ఇప్పుడు మీరడిగిన మాగ్నెటో దగ్గరికి వద్దాం.

1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి ఎక్స్‌మెన్ మొదటి సంచిక చేశారు. అందులోనే మాగ్నెటో వచ్చాడు. లోహం మీద అధికారం. మన స్టీల్ ప్లాంట్ గేటు దగ్గర నిలబడితే రెండు నిమిషాల్లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ మూడు బ్లాస్ట్ ఫర్నేసులూ గాల్లోకి లేపేస్తాడు. అప్పట్లో అతనికి కూడా నేపథ్యం లేదు. ప్రపంచాన్ని ఏలాలి, అంతే. మన మాంత్రికుడిలాగే.

18 ఏళ్ళ తర్వాత, 1981లో, 150వ సంచికలో క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత ఒక గతం ఇచ్చాడు. మాగ్నెటో చిన్నప్పుడు హిట్లర్ కాలంలో ఆష్విట్జ్ శిబిరంలో పెరిగిన పిల్లాడు. ఇంటివాళ్ళందరినీ అక్కడే పోగొట్టుకున్నాడు. ఇంక చూడండి, అదే హెల్మెట్, అదే కేప్, అదే శక్తి. కానీ కథ మొత్తం మారిపోయింది. "వీడు ఎందుకు చెడ్డవాడు" అనే ప్రశ్న "మనం వీడిని ఏం చేశాం" అనే ప్రశ్నగా మారింది. అతను చేసే హత్యలు కరెక్టని ఎవరూ అనలేదు. కానీ అతన్ని తయారుచేసిన చేతులు కూడా కథలోకి వచ్చాయి. షైలాక్ స్టేజీ మీద అడిగిన మాటే మళ్ళీ కామిక్ పుస్తకంలో వినపడింది.

మన దగ్గరికి ఆ మార్పు వచ్చిందా? 2024 జనవరిలో ప్రశాంత్ వర్మ హనుమాన్ తీశారు. తెలుగు సూపర్ హీరో సినిమా, దేశమంతా ఆడింది. విలన్ పేరు మైకేల్, వినయ్ రాయ్ వేశాడు. ఇతనికి చిన్నప్పటి కథ ఉంది, సినిమా మొదలయ్యేదే దానితో. సూపర్ హీరో అవ్వాలని పిచ్చి. సూపర్ హీరోలందరికీ తల్లిదండ్రులు ఉండరు కదా అని సొంత అమ్మానాన్నల్నే చంపేస్తాడు. ఆలోచన చాలా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఊరు? కుర్రాడిగా సౌరాష్ట్రలో, పెద్దయ్యాక సూటు బూటుతో అంజనాద్రి అనే మన పల్లెలోకి దిగుతాడు. పేరు మైకేల్. 73 ఏళ్ళలో విలన్‌కి బాల్యం వచ్చింది గానీ, సొంత ఊరి గడిలో మాత్రం ఇంకా మన ఊరి పేరు పడలేదు.

పాతాళభైరవిని ఇంకోసారి చూస్తే మీకొక తమాషా కనిపిస్తుంది. రాముడు ఆ మాంత్రికుడి వలలో ఎందుకు పడ్డాడు? ఉజ్జయిని రాజు షరతు పెట్టాడు కాబట్టి. నాతో సమానంగా సంపద తెస్తేనే కూతుర్నిస్తానన్నాడు. తోటమాలి కొడుకు రాజంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ కుర్రాణ్ణి చావు ముంగిట్లోకి తోసింది రాజుగారి మాటే. కానీ సినిమా అయ్యాక రాజుని ఎవరూ విలన్ అనరు. మామగారు అంటారు. ఎందుకంటే ఆయన లోపలివాడు.

ఇదంతా పాత సినిమా గొడవ కదా, మాకేంటి అంటారా? చెప్తాను.

మా తాత శ్రీకాకుళం నుంచి విశాఖ హార్బర్‌కి కలాసీ పనికి వచ్చాడు. 1933లో పోర్టు తెరిచినప్పట్నుంచీ ఈ ఊరు ఇలాగే నిండింది. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, తమిళనాడు నుంచి వచ్చారు. పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండలుంటాయి చూడండి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా. ఈ ఊళ్ళో పాతవాడు, కొత్తవాడు అంటే ఎవరు ముందు బస్సు దిగారన్నదే తేడా.

మా వీధిలో రాత్రిళ్ళు కర్ర చప్పుడు చేస్తూ, విజిల్ వేస్తూ ఒక గూర్ఖా తిరిగేవాడు. నేపాల్ మనిషి. నెలాఖరుకి ఇంటింటికీ వచ్చి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకునేవాడు. అన్నం తినకపోతే నేపాల మాంత్రికుడు ఎత్తుకుపోతాడని పిల్లల్ని బెదిరించేవాళ్ళు. ఆ పిల్లలు ఆయన్ని చూసి తలుపు వెనకాల దాక్కునేవాళ్ళు. మా ఇళ్ళకి దొంగలు రాకుండా నిద్ర మానుకున్న మనిషి, మా కథలో మాత్రం దొంగ. ఆయన ఊరేది, పిల్లలెంతమంది, ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

తర్వాత కాలేజీలో నా రూమ్మేట్ కడప వాడు. 1999లో సమరసింహారెడ్డి, తర్వాత నరసింహనాయుడు, ఇంద్ర, ఒక్కడు. వరసగా ఆ సినిమాలు చూసి పెరిగిన బ్యాచ్ మాది. తెలుగు విలన్ సొంత ఊరి గడిలో అప్పుడు "సీమ" అని పడింది. మావాడు బ్యాగు దించగానే హాస్టల్లో మొదటి ప్రశ్న, బాంబులు తెచ్చావా అని. వాడూ నవ్వేవాడు. రెండో ఏడాదికి వచ్చేసరికి ఫోన్‌లో ఇంటికి మాట్లాడాలంటే మెట్ల కిందికి పోయేవాడు, యాస వినపడకూడదని. సినిమాల్లో పనివాళ్ళకి మన ఉత్తరాంధ్ర యాస పెట్టి నవ్విస్తే మనకి ఎలా కాలుతుందో, వాడికీ అంతే కదా.

నేను చెప్పేది సినిమాలు ఆపేయమని కాదు. పాతాళభైరవి నాకిష్టం. రంగారావుగారి మీద ఈగ వాలనివ్వను. 1952లో బొంబాయిలో జరిగిన మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్ళిన సినిమా అది. గర్వపడదాం. చెప్పేదల్లా ఒకటే. విలన్‌కి శక్తులు ఇచ్చేటప్పుడు పేరు కూడా ఇవ్వండి. ఊరిచ్చి వదిలేయకండి. ఊరి పేరే మనిషి పేరైతే, కథ అయిపోయాక ఆ పేరు ఆ ఊరివాళ్ళందరికీ మిగిలిపోతుంది.

మీలో కథలు రాసేవాళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళు, ఫోన్‌లోనే కామిక్ గీసేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ తర్వాతి విలన్ బయోడేటా రాసేటప్పుడు సొంత ఊరి గడిలో ఒక్కసారి మీ ఊరి పేరు రాసి చూడండి. గాజువాక మాంత్రికుడు. భీమిలి మాంత్రికుడు. వెంటనే మీకే ప్రశ్నలు పుడతాయి. వీడు ఎవరి కొడుకు? ఏ బళ్ళో చదివాడు? ఎవరు ఏం చేస్తే ఇలా అయ్యాడు? ఆ ప్రశ్నలు పుట్టాయంటే మీకు మంచి విలన్ దొరికినట్టే.

పాతాళభైరవి చూడనివాళ్ళు ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడండి. మాంత్రికుడు వచ్చినప్పుడల్లా వాళ్ళ ముఖాలు కూడా చూడండి, సగం సినిమా అక్కడే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.